దోరో లోయ తీపి, మన కారం

గోదావరి ఒడ్డున ఉన్న మా ఊరు సారపాక నుంచి నా చిన్ననాటి స్నేహితులు ఫోన్ చేసినప్పుడల్లా పోర్ట్ వైన్ మాట వస్తుంది. హైదరాబాద్‌లోనో గోవాలోనో ఆ పేరుతో దొరికే తియ్యటి ఎర్ర వైన్ వాళ్ళకు తెలుసు. అసలుది ఎలా ఉంటుంది, నలుగురిని భోజనానికి పిలిస్తే దేనితో ఇవ్వాలి అన్నది వాళ్ళ ప్రశ్న. పోర్చుగల్‌లో నేనుంటున్న పోర్తో నగరం పేరే ఆ వైన్‌కు వచ్చింది. దేనితో ఇవ్వాలో చెప్పాలంటే ఈ దేశం కథ కొంత చెప్పక తప్పదు, ఎందుకంటే ఆ గ్లాసులోని తీపి వెనక యుద్ధాల, ఒక తిరుగుబాటు చరిత్ర ఉంది.

ముందు తీపి సంగతి. ద్రాక్షరసం పులిసేటప్పుడు అందులోని చక్కెరంతా ఆల్కహాల్‌గా మారిపోతుంది. పోర్ట్‌కు ఆ పులియడాన్ని సగంలో ఆపేస్తారు. రెండు మూడు రోజులు కాగానే 77 శాతం ఆల్కహాల్ ఉన్న ద్రాక్ష సారా కలుపుతారు; సుమారు 435 లీటర్ల రసానికి 115 లీటర్లు. పులియబెట్టే ఈస్ట్ అక్కడితో చచ్చిపోతుంది, మిగిలిన చక్కెర మిగిలినట్టే ఉండిపోతుంది. అలా 550 లీటర్ల పీపా నిండుతుంది. ఘాటు 20 శాతం దగ్గర ఉంటుంది కాబట్టి దీన్ని మామూలు వైన్‌లా పెద్ద గ్లాసు నిండా పోయకూడదు.

పోర్ట్ ద్రాక్ష పండే దోరో నది లోయలో కొన్ని తోటల్లో ఇప్పటికీ ద్రాక్షను కాళ్ళతోనే తొక్కుతారు. మోకాళ్ళ పైదాకా రసం ఉన్న గ్రానైట్ తొట్టిలో ఆడా మగా వరసగా నిలబడి, ఒకరి భుజాల మీద ఒకరు చేతులు వేసుకుని, ఒకరు లెక్క పాడుతుంటే అందరూ ఒకేసారి అడుగు ఎత్తి దించుతారు. పగలంతా ఏటవాలు కొండల మీద గుత్తులు కోసి వచ్చినవాళ్ళే రాత్రి ఈ తొక్కుడు తొక్కుతారు. రెండు గంటలు గడిచాక వరస విడిపోతుంది, అకార్డియన్ మొదలవుతుంది, ఎవరికి తోచినట్టు వాళ్ళు చిందులు వేస్తారు. ఎర్రబడ్డ కాళ్ళకు ఆ రంగు రోజుల తరబడి వదలదు.

ఇక చరిత్ర. ఇంగ్లండ్ ఫ్రాన్స్‌తో యుద్ధాల్లో మునిగి ఉన్నప్పుడు ఫ్రెంచ్ వైన్ అక్కడ దొరకడం కష్టమైంది. 1703లో కుదిరిన మెథ్యూన్ ఒప్పందం ప్రకారం పోర్చుగీసు వైన్ మీద సుంకం ఫ్రెంచ్ వైన్ కంటే మూడోవంతు తక్కువ. దానికి బదులు ఇంగ్లీషు ఉన్ని బట్టలు పోర్చుగల్ మార్కెట్‌లోకి వచ్చాయి. ఇంగ్లీషు వర్తకులు పోర్తోలో స్థిరపడ్డారు. గిరాకీ పెరగడంతో కల్తీ కూడా పెరిగింది. రంగు కోసం ఎల్డర్‌బెర్రీ పళ్ళ రసం కలిపేవారు. ధర పడిపోయింది, కొనేవాళ్ళు వెనక్కి తగ్గారు.

అప్పుడు పగ్గాలు పట్టింది పొంబాల్. 1755 నవంబర్ 1న లిస్బన్‌ను నేలమట్టం చేసిన భూకంపం తర్వాత ఆ నగరాన్ని తిరిగి కట్టించిన మంత్రి ఆయనే. మరుసటి ఏడాది, 1756 సెప్టెంబర్‌లో, దోరో వైన్ల కోసం రాజముద్రతో ఒక కంపెనీ పెట్టించాడు. పోర్ట్‌కు ఏ కొండల ద్రాక్ష పనికొస్తుందో గీత గీయించి, 335 గ్రానైట్ హద్దురాళ్ళు పాతించాడు. ఎల్డర్ చెట్లను వేళ్ళతో సహా పీకించాడు. ఆ హద్దురాళ్ళలో కొన్ని ఇప్పటికీ తోటల మధ్య కనిపిస్తాయి. వైన్ బతికింది దానివల్లే, సందేహం లేదు.

కానీ అదే కంపెనీకి పోర్తో పట్టణంలో చిల్లర వైన్ అమ్మే గుత్తహక్కు కూడా ఇచ్చాడు. వైన్ కొట్ల వాళ్ళ పొట్ట మీద కొట్టినట్టయింది. 1757 ఫిబ్రవరి 23న జనం వీధుల్లోకి వచ్చి కంపెనీ కార్యాలయం మీద పడ్డారు. దానికి తాగుబోతుల తిరుగుబాటు అని పేరు పడింది. సైన్యం దిగింది, విచారణలు జరిగాయి, పలువురిని ఉరితీశారు. మరణశిక్ష పడినవాళ్ళలో ఆడవాళ్ళూ ఉన్నారు.

ఈ కథ చదివినప్పుడు నాకు మా గోదావరి అవతలి ఒడ్డే గుర్తుకొచ్చింది. 1879 నాటికి సారపాక వైపు నిజాం రాజ్యం, భద్రాచలం వైపు మద్రాసు ప్రెసిడెన్సీ. ఆ ఏడాది రంప కొండల్లో ఫితూరీ లేవడానికి పెద్ద కారణాల్లో ఒకటి కల్లు. కొండజనం తమ ఇంటి అవసరానికి తాము గీసుకునే కల్లు మీద కొత్త ఆబ్కారీ చట్టం ఆంక్షలు పెట్టింది, గుత్తేదార్లు వచ్చి మీద కూర్చున్నారు. ఆ మంట అదే ఏడాది భద్రాచలం తాలూకాలోని రేకపల్లి ప్రాంతానికి పాకింది. అక్కడ పోడు మీద పన్ను పెంచడం తోడైంది. రంపలోనూ పోర్తోలోనూ సైన్యం దిగింది. తమ చెట్టునో తమ కొట్టునో నమ్ముకుని బతికేవాళ్ళకూ సర్కారు గుత్తకూ మధ్య జరిగిన పోరాటమే రెండు చోట్లా. వాళ్ళను తాగుబోతులని రాసినవాళ్ళ మాటను నేను ఒప్పుకోను.

మళ్ళీ దోరో దగ్గరికి వద్దాం. అది మనిషిని సుఖంగా బతకనిచ్చిన నది కాదు. అడుగు బల్లపరుపుగా ఉండే రబేలో పడవల్లో పీపాలు పేర్చుకుని, సుడులు దాటుకుంటూ దిగువన పోర్తో ఎదుటి ఒడ్డున ఉన్న విలా నోవా ద గాయా గోదాములకు తెచ్చేవారు. 1861లో వలేరా సుడి దగ్గర పడవ మునిగి, ఇంగ్లండ్‌లో పుట్టిన వర్తకుడు, ఈ నదికి పటం గీసిన జోసెఫ్ జేమ్స్ ఫారెస్టర్ చనిపోయాడు. అదే పడవలో ఉన్న దొనా ఆంతోనియా ఫెరేరా బతికి బయటపడింది. ముప్పై మూడేళ్ళకే భర్తను పోగొట్టుకున్న ఈమె తోటలన్నీ తానే చూసుకుంది, ఫిలాక్సెరా పురుగు తీగలను తినేసిన ఏళ్ళలో కూడా కొత్త తోటలు నాటించింది. ఆమె పేరు చెబితే ఈ ఊళ్ళో ఈరోజుకీ ముసలివాళ్ళ గొంతు మారుతుంది. తర్వాత రైలు వచ్చింది, 1960ల నుంచి ఆనకట్టలు లేచాయి, పడవల పని అయిపోయింది.

ఇప్పుడు విందుకొద్దాం. మన వంటతో పోర్ట్ అనగానే చాలామంది మాంసం కూరతో పోస్తారు. అది వద్దు. ఆల్కహాల్ ఎక్కువైనకొద్దీ కారం మంట పెరుగుతుంది. ఖమ్మం మిర్చియార్డు కారంతో వండిన కూరకు 20 శాతం ఘాటు తోడైతే నోటికి రుచి తెలియకుండా పోతుంది. ఆ మిరపకాయను అమెరికా ఖండం నుంచి మన ఒడ్డుకు చేర్చింది పదహారో శతాబ్దపు పోర్చుగీసువాళ్ళే. అయినా వాళ్ళ వైన్ దానికి తోడు కాదు. చింతపండు పులుసుకైతే అసలే పనికిరాదు. పులుపు ముందు ఈ తీపి చప్పగా, జిగటగా తేలిపోతుంది. గోదావరి చేపల పులుసు పెట్టినప్పుడు మంచినీళ్ళు చాలు.

భోజనానికి ముందు తెల్ల పోర్ట్ ఇవ్వండి. అందులో టానిక్ నీళ్ళు, బోలెడు ఐసు, నిమ్మచెక్క. ఇక్కడివాళ్ళు దానితో ఉప్పు వేసి వేయించిన బాదం పెడతారు; మన ఇంట్లో మిరియాలు చల్లిన జీడిపప్పు ఇంకా బాగుంటుంది. మే నెల ఎండలో సారపాక మేడ మీద సాయంత్రం కూర్చున్నా ఇది హాయిగా ఉంటుంది.

చివరి వరసలోనే అసలు పోర్ట్. రూబీ అనే ఎర్రది తాజా పళ్ళ రుచితో ఉంటుంది, చాక్లెట్‌కు బాగా కుదురుతుంది. టానీ వేరు. చెక్కపీపాల్లో ఏళ్ళ తరబడి ఉండి గాలి తగిలి రంగు దించుకుంటుంది. ఎండుద్రాక్ష, వేయించిన బాదం, మాడీ మాడని బెల్లం పాకం వాసన పట్టుకుంటుంది. సీసా మీద 10, 20, 30, 40 లాంటి వయసు వేసి అమ్ముతారు. నా దృష్టిలో మన బెల్లం పిండివంటలకు టానీని మించిన తోడు లేదు. అరిసె కొరికి, నువ్వులు నోట్లో ఉండగానే పదేళ్ళ టానీ ఒక గుక్క తాగి చూడండి. ఫ్రిజ్‌లో కాసేపు పెట్టి కొంచెం చల్లగా పోయాలి. ఇరవై ఏళ్ళదైతే నేను ఇప్పపువ్వు లడ్డుకు దాచిపెడతాను. ఎండిన ఇప్పపువ్వులో ఉండే ఎండుద్రాక్ష తీపి, అడుగున చిరుచేదు ఆ టానీలోనూ ఉన్నాయి. ఊరి నుంచి డబ్బాలో వచ్చిన లడ్డూలు పెట్టినప్పుడు నా పోర్చుగీసు సహోద్యోగులు అది ఏ చెట్టు పువ్వని అడిగారు. కోయగూడేల్లో ఆడవాళ్ళు తెల్లవారకముందే లేచి చెట్ల కింద రాలిన పూలు ఏరే సంగతి చెప్పాను.

వింటేజ్ అనేది మంచి ఏళ్ళలో మాత్రమే ప్రకటించే పోర్ట్. 1994, 2011 అలాంటివి. రెండేళ్ళు పీపాలో, మిగిలిన జీవితమంతా సీసాలో. అడుగున మడ్డి పేరుకుంటుంది కనుక ముందురోజే సీసాను నిలబెట్టి, నిదానంగా మరో పాత్రలోకి వంచాలి. ఇక్కడ దీనికి సెర్రా ద ఎస్త్రెలా కొండల గొర్రెపాల చీజ్ పెడతారు, పై చెక్కు కోసి చెంచాతో తోడుకుని తింటారు. మన దగ్గర అది దొరకదు, దానికి సాటి వచ్చేదీ లేదు. కాబట్టి ఊళ్ళో విందుకు వింటేజ్ మీద డబ్బు పెట్టకండి. తెరిచిన వింటేజ్ ఒకటి రెండు రోజుల్లోనే రుచి పోగొట్టుకుంటుంది. టానీ అయితే మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే కొన్ని వారాలు ఉంటుంది, పండగకు తెరిచింది పండగ తర్వాత వచ్చే చుట్టాలకూ పనికొస్తుంది.