చిలక జోస్యం, టారో, చక్రాలు
తెలుగునాట అందరూ ఎరిగిన చిలక జోస్యం టారో కార్డుల జోస్యానికి దగ్గరి చుట్టం. పంజరం తలుపు తీయగానే చిలక వచ్చి, పేర్చిన కార్డుల్లోంచి ఒకటి ముక్కుతో లాగి, గింజ తిని లోపలికి పోతుంది. అందులోని దేవుడి బొమ్మను బట్టి ఫలితం చెబుతారు. అడిగినవాడి గోడు చిలకకేం తెలుసు? 78 కార్డుల టారో కూడా 15వ శతాబ్ది ఇటలీలో పేకాటగానే పుట్టింది. జోస్యం 18వ శతాబ్దిలో తగులుకుంది. అర్థం కార్డులో కాక వినేవాడి అన్వయంలోనే ఉంది: 1948లో మనస్తత్వవేత్త బెర్ట్రమ్ ఫోరర్ తన విద్యార్థులందరికీ ఒకే వ్యక్తిత్వ వర్ణన ఇస్తే, చాలామంది అది తమకు బాగా సరిపోయిందన్నారు. మరి కార్డులెందుకంటే, కోరని బొమ్మ ఎదురైతే దాటవేస్తున్న ప్రశ్న నోటికొస్తుంది. శరీరంలో ఉన్నాయని యోగం చెప్పే చక్రాల సంగతీ ఇలాంటిదే. వాటిని కొన్ని తంత్ర గ్రంథాలు ఆరన్నాయి, కొన్ని ఏడన్నాయి. అవి కోసి చూపగల అవయవాలు కావు, ధ్యానంలో దృష్టి నిలిపే చోట్లు. అందుకే నీరసానికి మూలాధార చక్రం కంటే ముందు రక్తహీనతను అనుమానించాలి. మళ్లీ చిలక దగ్గరికొస్తే, దేశవాళీ చిలకను పంజరంలో పెట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం.