మచ్చు, కొసరు, ఉచితం
(అలంకరణ సరుకుల చరిత్రపై ఒక పరిశీలన)

మన సంతలో ‘మచ్చు’ అనే మాట ఉంది. ధాన్యం కొనవచ్చిన సేటు బస్తాలో నుంచి పిడికెడు గింజలు తీసి అరచేతిలో పరచి చూస్తాడు. అది మచ్చు. ‘కొసరు’ అనే మరొక మాట ఉంది. కూరగాయలు తూచిన తర్వాత, కొనే ఆమె అడిగి వేయించుకొనే రెండు మిరపకాయలూ, కరివేపాకు రెబ్బా కొసరు. మచ్చు కొనేవాడి పరీక్ష. కొసరు కొనేవాడి హక్కు. ఈ రెండింటిలోనూ ఇచ్చేవాడూ పుచ్చుకొనేవాడూ ఎదురెదురుగా ఉంటారు, ఒకరి కళ్ళలోకి ఒకరు చూచుకుంటారు. మూడవ మాట ‘ఉచితం’. సంస్కృతంలో దీనికి ‘తగినది’ అని అర్థం. తెలుగులో ఆ అర్థం అట్లాగే ఉండగా ‘డబ్బు తీసుకోకుండా ఇచ్చేది’ అనే అర్థం కూడా వచ్చి చేరింది. నేడు మన వీధులలో ఈ రెండవ అర్థమే రాజ్యం చేస్తున్నది.

చరిత్ర వ్రాసేవారు సాధారణంగా సరుకుల ధరలను గురించి వ్రాస్తారు. ధర లేకుండా ఇచ్చిన సరుకులను గురించి వ్రాయరు. కాని సబ్బు, పౌడరు, స్నో, షాంపూ వంటి అలంకరణ సరుకులు మన ఇండ్లలోకి వచ్చిన తీరు చూస్తే, అవి తరచుగా ముందు ఉచితంగా వచ్చి, ఆ తర్వాతనే ధరతో వచ్చాయని తెలుస్తుంది. ఉచితం ఏ కాలంలో ఎవరు ఎవరికి ఇచ్చారు, ఎందుకు ఇచ్చారు అనే ప్రశ్న వేసుకుంటే ఆ కాలపు ఆర్థిక సంబంధాలు బయటపడతాయి. నేను ఈ వ్యాసంలో చేయదలచుకున్నది ఇంతే.

సుగంధ ద్రవ్యాల వ్యాపారం తెలుగు దేశానికి కొత్తది కాదు. 1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనంలో సుంకం కట్టవలసిన సరుకుల జాబితా ఉంది. శ్రీగంధం, కర్పూరం, పన్నీరు, ముత్యాలు, పగడాలు, దంతం అందులో కనిపిస్తాయి. తుపానులో దెబ్బ తిన్న ఓడల సరుకును రాజులు దోచుకొనే ఆచారాన్ని మాన్పి, న్యాయమైన సుంకం మాత్రమే పుచ్చుకుంటామని ఆ శాసనం విదేశీ వర్తకులకు హామీ ఇచ్చింది. అయితే ఆ పన్నీరు ఎవరి కోసం దిగింది? రాజుల కోసం, దేవాలయాల కోసం, సంపన్నుల కోసం. తర్వాత కాలంలో హైదరాబాదు అత్తరు వ్యాపారానికి పేరు పొందింది. చార్మినారు పరిసరాలలోని అత్తరు వర్తకుడు ఈనాటికీ వచ్చినవాడి ముంజేతి మీద గాజుపుల్లతో ఒక చుక్క రాస్తాడు. అదే మచ్చు. కొనేవాడు వాసన చూచి, కాసేపు ఆగి, మళ్ళీ చూచి, బేరమాడుతాడు. నచ్చకపోతే లేచి వెళ్ళిపోతాడు. వెళ్ళినవాడి పేరేమిటో, ఊరేదో, వయసెంతో వర్తకుడు వ్రాసి పెట్టుకోడు.

సామాన్యుల ఇండ్లలో అలంకరణ సరుకులు బజారు నుంచి వచ్చేవి కావు. పెసరపిండి, సెనగపిండి కలిపిన సున్నిపిండి, కుంకుడుకాయ, శీకాయ, పసుపు, గోరింటాకు, ఆముదపు దీపం మసితో చేసిన కాటుక ఇవన్నీ ఇంటి పెరడులోనో ఊరి పొలిమేరలోనో దొరికేవి. వాటి తయారీకి ఖర్చయ్యేది స్త్రీల శ్రమ. ఆ శ్రమకు ఎవరూ లెక్క కట్టలేదు గనుక ఆ సరుకులు ‘ఉచితం’ అనిపించాయి.

ఇది చూచి పాతకాలం స్వర్ణయుగమని కొందరు పొంగిపోతారు. తెలంగాణ చరిత్ర తెలిసినవాడు అట్లా పొంగిపోలేడు. నిజాం పాలనలో మన పల్లెలలో ఉచితం అనే మాటకు ఉన్న అసలు పేరు వెట్టి. కుమ్మరి కుండలు ఉచితంగా ఇవ్వాలి, గౌడ్ కల్లు ఉచితంగా పోయాలి, మాదిగ చెప్పులు ఉచితంగా కుట్టి ఇవ్వాలి, గొల్ల గొర్రెను ఉచితంగా తోలాలి, చాకలి, మంగలి దొర గడీలో ఉచితంగా చాకిరీ చేయాలి. ఉచితం ఎప్పుడూ కింది నుంచి పైకే ప్రవహించేది. 1946 నుంచి 1951 వరకు సాగిన తెలంగాణ సాయుధ పోరాటం మొట్టమొదట గొంతెత్తిన విషయాలలో ఈ వెట్టి ఒకటి. ఉచితంగా పుచ్చుకొనేవాడు ఎవడు, ఇచ్చేవాడు ఎవడు అని అడిగే అలవాటు మనకు ఆ పోరాటమే నేర్పింది. ఆ ప్రశ్నను మనం మరచిపోకూడదు.

ఇక పాశ్చాత్య దేశాలకు వస్తే, యంత్ర పరిశ్రమ ఉచితానికి కొత్త దిశ చూపింది. ఒకే అచ్చులో లక్షల సబ్బు బిళ్ళలు తయారయ్యేసరికి వాటిని అమ్ముకోవటం పెద్ద సమస్య అయింది. కాగితంలో చుట్టిన సబ్బును బస్తాలోని ధాన్యంలాగా గుప్పెడు తీసి చూడలేము గదా. అందుచేత కంపెనీయే మచ్చును తయారుచేసి పంపవలసి వచ్చింది. 19వ శతాబ్దంలో న్యూయార్కు సబ్బుల వ్యాపారి బి.టి. బాబిట్ ఇట్లా ఉచిత మచ్చులు పంచిన తొలి వారిలో ఒకడు. ఇంటింటికీ పుస్తకాలమ్మే డేవిడ్ మెకానెల్ గృహిణులను ఆకర్షించటానికి చిన్న సెంటు సీసాలు ఇచ్చేవాడు. పుస్తకాల కన్నా సెంటు మీదనే వారికి మోజు ఎక్కువగా ఉన్నదని గ్రహించి, 1886లో కాలిఫోర్నియా పెర్ఫ్యూమ్ కంపెనీ పెట్టాడు. తర్వాత ఏవన్ అనే పేరుతో ప్రపంచమంతటా వ్యాపించింది అదే. 1946లో కంపెనీ స్థాపించిన ఎస్టీ లాడర్, సరుకు కొన్న వారికి మరొక సరుకు కానుకగా ఇచ్చే పద్ధతిని బాగా ప్రచారంలోకి తెచ్చింది. అంటే అడిగి పుచ్చుకొనే కొసరు పోయి, అడగకుండా ఇచ్చే కానుక వచ్చింది. కొసరు మీద కొనేవాడికి అధికారం ఉంది; కానుక మీద లేదు. తేడా చిన్నదిగా కనిపిస్తుంది గాని చిన్నది కాదు.

మన దేశంలోకి లీవర్ కంపెనీ సన్‌లైట్ సబ్బు 1888లో కలకత్తా రేవులో దిగింది. 1929లో లక్స్ వచ్చింది. 1941లో లీలా చిట్నిస్ బొమ్మతో ఆ సబ్బు సినిమా తారల సబ్బు అయింది. దీనికి ఎదురుగా స్వదేశీ పెట్టుబడి కూడా నిలబడింది. మైసూరు సంస్థానం 1918 నాటికి చందనం సబ్బు తయారు చేయించింది. టాటాలు 1952లో లాక్మే ప్రారంభించారు. మన తెలుగువారిలో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి ఉదాహరణ ముఖ్యమైనది. 1893లో బొంబాయిలో ఆయన అమృతాంజనం ప్రారంభించారు. సంగీత సభలలో ఆ డబ్బీలు ఉచితంగా పంచి దానికి ప్రచారం తెచ్చారని ప్రతీతి. అది అలంకరణ సరుకు కాదు, తలనొప్పి మందు. అయినా తెలుగువాడు చేసిన ఉచిత మచ్చుల వ్యాపారానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు కనిపించదు. ఆ వ్యాపారపు లాభం 1908లో ఆంధ్రపత్రికగా, 1924లో భారతిగా తెలుగువారికి తిరిగి వచ్చింది. వ్యాపారమంతా ఒకే రకం కాదనీ, దాని లాభం ఎక్కడికి పోతున్నదో కూడా చూడాలనీ ఇది మనకు చెప్తుంది.

పల్లెటూళ్ళను నిజంగా పట్టుకొన్నది సాచెట్టు. 1983లో కడలూరు ప్రాంతపు సి.కె. రంగనాథన్ పదిహేను వేల రూపాయలతో చిక్ షాంపూ మొదలుపెట్టాడు. దక్షిణాది పల్లెలలో బడిపిల్లవాడి తలకు అందరి ఎదుటా షాంపూ రుద్ది, ఆరిన జుట్టును జనం చేత తాకించి చూపించారు. ఏ కంపెనీవైనా సరే అయిదు ఖాళీ సాచెట్లు తెస్తే ఒక చిక్ సాచెట్టు ఉచితమన్నారు. కొన్నాళ్ళకు ఖాళీవి కూడా చిక్‌వే కావాలన్నారు. ఈ రెండు అడుగుల మధ్యనే ఉచిత మచ్చుల రాజకీయమంతా ఉంది. మొదటి అడుగు పిలుస్తుంది, రెండవది కట్టేస్తుంది. కుంకుడుకాయ నలగగొట్టే అరగంట శ్రమ తగ్గించింది గనుక స్త్రీలు షాంపూను ఆదరించారు. ఆ సౌకర్యాన్ని నేను తక్కువ చేయను.

గత శతాబ్దపు చివరి ఏండ్లలో హిందుస్థాన్ లీవర్ ‘ఆపరేషన్ భారత్’ పేరుతో షాంపూ, పేస్టు, పౌడరు, ముఖానికి రాసే క్రీము చిన్న పొట్లాలుగా ఒక పెట్టెలో పెట్టి, తక్కువ ధరకు వ్యానులలో పల్లెలకు పంపింది. 2000-01లో అదే కంపెనీ ‘శక్తి’ పథకాన్ని మన నల్లగొండ జిల్లాలోని యాభై గ్రామాలలో మొదలుపెట్టింది. పొదుపు సంఘాల స్త్రీలు అప్పు తీసుకొని సరుకు కొని ఇంటింటికీ తిరిగి అమ్మారు. వెట్టికి వ్యతిరేకంగా లేచిన నల్లగొండలోనే, అర్ధ శతాబ్దం తర్వాత, బహుళజాతి సంస్థ తన కొత్త అమ్మకందార్లను వెతుక్కున్నది. ఆ స్త్రీలకు కొంత ఆదాయం వచ్చింది, కొంత గౌరవమూ వచ్చింది. అయితే సరుకు అమ్ముడుపోకపోతే వచ్చే నష్టం ఎవరి మీద పడింది అనేది అడగవలసిన ప్రశ్న. ఆ పెట్టెలలో ఇంటింటికీ చేరిన క్రీము ‘ఫెయిర్ అండ్ లవ్లీ’. 1975లో బజారుకు వచ్చిన ఆ పేరులో ‘ఫెయిర్’ అనే మాటను కంపెనీ 2020లో గాని తీసివేయలేదు. నల్లని చర్మం ఒక లోపమనే భావాన్ని నలభై అయిదేండ్లు పొట్లంతో పాటు పంచారు. ఆ భావం మటుకు నిజంగా ఉచితంగానే వచ్చింది.

ఇప్పుడు వర్తమానానికి వస్తాను. మొయినాబాదు మండలంలోని మా సురంగల్‌కు ఇప్పుడు వ్యాను రానక్కరలేదు, సెల్‌ఫోను వచ్చింది. చేవెళ్లలో డిగ్రీ చదివే ఒక అమ్మాయి సాయంత్రం ఫోనులో ఒక ఫారం నింపుతుంది: పేరు, ఫోను నంబరు, పిన్ కోడు, వయసు, చర్మం జిడ్డా పొడా, ముఖంమీద మొటిమలున్నాయా, నెలకు ఎంత ఖర్చు పెడతారు. నాలుగైదు రోజులకు అయిదు గ్రాముల క్రీము పొట్లం వస్తుంది. తర్వాత నెలల తరబడి ఫోన్లు వస్తాయి, సందేశాలు వస్తాయి. మరొక అమ్మాయి దగ్గర ‘ఉచిత’ పొట్లానికి పంపకం ఖర్చులని తొంబై తొమ్మిది రూపాయలు వసూలు చేశారు. ఆ పొట్లం విలువ అంత ఉండదని ఆమెకు తర్వాత తెలిసింది. అత్తరు వర్తకుడు ఒక చుక్క ఇచ్చి ఏమీ వ్రాసుకోలేదు. ఇక్కడ ముందు వ్రాసుకొని తర్వాత చుక్క ఇస్తున్నారు. పూర్వం మచ్చు ద్వారా కొనేవాడు సరుకును పరీక్షించాడు. నేడు మచ్చు ద్వారా కంపెనీ కొనేవాడిని పరీక్షిస్తున్నది.

ఇది మన అమ్మాయిల అమాయకత్వమని అనుకోవద్దు. 2015లో అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ‘ఆరావీ’ మొదలైన చర్మ సౌందర్య సరుకులు అమ్మిన సంస్థల మీద కేసు పెట్టింది. ఉచితంగా వాడి చూడండని పిలిచి, కార్డు నంబరు తీసుకొని, ఆ తర్వాత నెల నెలా డబ్బు లాగారన్నది ఆరోపణ. మన దేశంలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరులో ఇటువంటి పదమూడు మోసపు పద్ధతులను గుర్తించి నిషేధించింది. లేని తొందర పుట్టించటం, చెప్పకుండా చందాలో ఇరికించటం, ధరను చివరివరకు దాచటం వాటిలో కొన్ని. అదే సంవత్సరం వచ్చిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, సమాచారం ఇచ్చేవారి సమ్మతి స్వేచ్ఛగా, స్పష్టంగా, విషయం తెలిసి ఇచ్చినదిగా ఉండాలని చెప్పింది. చట్టాలు మంచివే. కాని ఇంగ్లీషులో ఇరవై పేజీల షరతుల కింద ఒక గడిలో టిక్కు పెట్టటం విషయం తెలిసి ఇచ్చిన సమ్మతి ఎట్లా అవుతుంది?

సమాచారం ఒక్కటే కాదు, శ్రమ కూడా తీసుకుంటున్నారు. ఉచిత పొట్లం అందుకున్నవారు ఫొటో తీసి పెట్టాలి, నాలుగు మంచి మాటలు వ్రాయాలి, పదిమందికి పంపాలి. ఇట్లా ఉచితంగా సరుకు పుచ్చుకొని పొగిడేవారు ఆ సంగతి బయట పెట్టాలని ప్రకటనల ప్రమాణాల మండలి 2021లో నియమం చేయవలసి వచ్చింది. ఇది కొత్త వెట్టి అని కొందరు మిత్రులు అంటారు. నేను ఆ మాట అనను. వెట్టి వెనుక దొర కర్ర ఉంది. దీని వెనుక కర్ర లేదు, కోరిక ఉంది. రెండింటినీ ఒకటిగా చెప్తే వెట్టి చేసినవారి బాధను తేలిక చేసినవాళ్ళమవుతాము. అయితే ఒక పోలిక మాత్రం నిజం: చేసిన పనికి లెక్క లేదు, ఫలితం పైకి పోతున్నది.

ఈ విషయంలో రెండు వాదాలను మనం తోసిపుచ్చాలి. ఆడవాళ్ళకు సోకులెక్కువై మోసపోతున్నారన్నది ఒకటి. ముఖం శుభ్రంగా, అందంగా ఉంచుకోవాలనే కోరిక సంపన్నుల సొత్తు కాదు; మోటుపల్లిలో దిగిన పన్నీరు కూలి మనిషికి కూడా అందటం అభ్యుదయమే. ఇష్టం లేనివారు ఫారం నింపకుండా ఉండవచ్చు గదా అన్నది రెండవది. ఒకవైపు కోట్ల పెట్టుబడి, మరొకవైపు ఫోను పట్టుకున్న ఒంటరి అమ్మాయి ఉన్న బేరంలో ఇష్టాయిష్టాలు సమానమని చెప్పటం చరిత్ర ఎరుగని మాట.

మొయినాబాదు, చేవెళ్ల ప్రాంతాలు పూలసాగుకు పేరు పొందాయి. హైదరాబాదుకు నీరిచ్చే జంట జలాశయాల రక్షణ కోసం 1996లో వచ్చిన 111వ నంబరు జీవో ఇక్కడ కాలుష్య పరిశ్రమలను ఆపింది. ఈ నేలలో గులాబీ, చామంతి పండాయి. ఈ పూలు గుడిమల్కాపూరు మార్కెట్టుకు వెళ్తాయి. గులాబీ పేరు మోసిన క్రీములు పొట్లాలుగా ఇదే ఊరికి వస్తాయి. పూలమ్మే ఒక అక్క నాతో ఇట్లా అన్నది: “మేం పూలు జోకితే కొసరు అడుగుతరు, ఎయ్యకపోతే ఊకోరు. మరి ఆ కంపెనోన్ని కొసరు అడుగుమను జూద్దాం!”

ఆమె మాటలో నాకు ఈ వ్యాసపు సారాంశమంతా కనిపించింది. కొసరు అడగాలంటే ఎదుట మనిషి ఉండాలి, త్రాసు కనిపించాలి, కాదంటే పక్క అంగడికి పోయే వీలుండాలి. ఫోనులోని అంగడిలో త్రాసు కంపెనీ చేతిలోనే ఉంది. షరతులు తెలుగులో ఉండాలని, ఇచ్చిన సమాచారాన్ని తిరిగి తీసివేయమని అడిగే హక్కు అమలు కావాలని, ఉచితమన్న దానికి ఒక్క పైసా వసూలు చేయరాదని గ్రామ గ్రామాన పొదుపు సంఘాలే అడగగలవు. ఒకప్పుడు సరుకు అమ్మటానికి పనికివచ్చిన ఆ సంఘాలు, సరుకును ప్రశ్నించటానికి పనికిరాకుండా పోవు. ఉచితం అనే మాటకు ‘తగినది’ అనే మొదటి అర్థం తిరిగి రావాలంటే, ఏది తగినదో నిర్ణయించే చోట కొనేవారు కూడా కూర్చోవాలి.