ఆటను బడిగా మలచిన రహీం సాహెబు

నల్లరేగడి నేలపై వానకాలంలో చెప్పులు చేతపట్టుకొని నడవడమే మేలని గుంటూరు, ఒంగోలు సీమల ప్రత్తి రైతులకు వేరే చెప్పనక్కరలేదు. ఒకనాటి భారత ఫుట్‌బాల్ క్రీడాకారుల నమ్మకమూ ఇంచుమించు ఇట్టిదే. వట్టికాలికి చిక్కినట్లుగా బంతి బూటుకు చిక్కదని వారు భావించేవారు. 1952 హెల్సింకీ ఒలింపిక్ క్రీడలలో, ఆ చలిదేశంలో, మనవారు పలువురు బూట్లు లేకుండానే యుగోస్లావియాను ఎదుర్కొని 10–1 తేడాతో ఓడిపోయారు. అంతకు ముందటి సంవత్సరమే న్యూఢిల్లీలో ఇరాన్‌ను 1–0తో గెలిచి ఆసియా స్వర్ణం అందుకొన్న దేశం మనది. ఆ గెలుపునాడూ, ఈ ఓటమినాడూ శిక్షకులు ఒక్కరే. ఆయన హైదరాబాదు వాసి సయ్యద్ అబ్దుల్ రహీం.

1909 ఆగస్టు 17న జన్మించిన రహీం ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రులు, ఆ విశ్వవిద్యాలయపు జట్టులో ఆడినవారు. వృత్తి ఉపాధ్యాయత్వం. 1943 మొదలు హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. ఆయన తీర్చిదిద్దిన నగర పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేండ్లు బొంబాయి రోవర్స్ కప్పును గెలుచుకొన్నది. కలకత్తా క్లబ్బులే ఆటకు పెద్దదిక్కని దేశమంతా తలచిన రోజులవి.

రహీం ఆటగాడుగా కంటె పంతులుగానే గొప్పవారని మా అభిప్రాయం. బడిపిల్లవాని బలహీనతను కనిపెట్టి, దానికే అభ్యాసం కల్పించడం మంచి పంతులు లక్షణం కదా! ఆయన బలహీనమైన కాలితో మాత్రమే ఆడవలసిన పోటీలు పెట్టారు. బంతిని తమవద్దనే అట్టేపెట్టుకొని ఒంటరిగా పరుగుతీయరాదనే నిబంధనతో మరికొన్ని. తోటివానికి బంతి అందించడమే అసలు విద్య అని ఆయన ఉద్దేశం. హెల్సింకీ తరువాత బూట్లు తప్పనిసరి అయినవి.

ఫలితం 1956లో మెల్‌బోర్న్‌లో కనబడింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ చేయగా భారత్ ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి, ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా జట్టు అయినది. చివరకు దక్కింది నాలుగవ స్థానం. పతకం రానిమాట నిజమే, కాని అంత ఎత్తుకు మనం మరల చేరలేదు.

1962 జకార్తా ఆసియా క్రీడలనాటి కథ వేరు. ఇజ్రాయెల్, తైవాన్‌లను క్రీడలకు రానీయలేదని భారతీయ క్రీడాధికారి ఒకరు నిరసించడంతో అక్కడి జనం మనవారిపై మండిపడ్డారు. తొలి పోటీలోనే దక్షిణ కొరియా చేతిలో 2–0 ఓటమి. థాయిలాండ్‌తో ఆడుతూ రక్షణవరుసకు స్తంభమైన జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడినవి. మరొక శిక్షకుడైతే ఆయనకు విశ్రాంతి ఇచ్చి ఊరుకొనేవాడు. రహీం ఆయనను ముందువరుస నడుమకు మార్చారు! సెప్టెంబరు 4న, సుమారు లక్షమంది ప్రేక్షకుల కేకల నడుమ, ఆ దక్షిణ కొరియాతోనే ఫైనల్. పి.కె. బెనర్జీ మొదటి గోలు చేయగా, రెండవది కుట్లు పడిన తలతో వచ్చిన జర్నైల్ సింగే చేశారు. 2–1తో గెలుపు మనదైనది. ఫైనల్‌కు ముందు రహీం తమను స్వర్ణం కానుకగా ఇమ్మని అడిగారని ఆటగాళ్ళు తరువాత చెప్పుకొన్నారు.

అప్పటికే ఆయనను క్యాన్సర్ పట్టి పీడిస్తున్నది. 1963 జూన్ 11న కన్నుమూశారు. 1970లో బ్యాంకాక్‌లో హైదరాబాదు వాడే అయిన నయీముద్దీన్ నాయకత్వాన కాంస్యం లభించింది. స్వర్ణం మాత్రం జకార్తా తరువాత మరల రాలేదు. ఉత్తమ శిక్షకులకు ద్రోణాచార్య పురస్కారం 1985లో గాని ఏర్పడలేదు. రహీం కుమారుడు హకీం 1960 రోమ్ ఒలింపిక్ జట్టులో చోటు సంపాదించి, పిదప అంతర్జాతీయ రెఫరీగాను, శిక్షకుడుగాను పనిచేసి 2021లో మరణించారు.