కారు లీజు అద్దెపై తరుగుదల ప్రభావం ఎంత?

కారును కొనకుండా లీజుకు తీసుకొనేవారు నెలనెలా చెల్లించే అద్దెలో అధిక భాగం సాధారణంగా తరుగుదలకే పోతుంది. కొత్త కారు ధరకూ, గడువు ముగిసేనాటికి దానికి మిగిలే విలువకూ మధ్య వ్యత్యాసమే తరుగుదల. ఈ మిగులు విలువను లీజు సంస్థ ఒప్పందం నాడే అంచనా వేస్తుంది. తరుగుదలను నెలలవారీగా విభజించి, పెట్టుబడిపై వడ్డీ, జీఎస్టీ కలిపి అద్దెను నిర్ణయిస్తుంది.

లెక్క ఇలా

ఉదాహరణకు రూ.12 లక్షల కారును 36 నెలలకు లీజుకు తీసుకున్నారనుకుందాం. గడువు చివర దాని విలువ రూ.6.60 లక్షలని అంచనా వేస్తే, తరుగుదల రూ.5.40 లక్షలు. అంటే నెలకు రూ.15,000. సగటు పెట్టుబడి రూ.9.30 లక్షలపై ఏడాదికి 10 శాతం చొప్పున వడ్డీ నెలకు రూ.7,750. పన్నుకు ముందు అద్దె రూ.22,750 అవుతుంది.

రూ.11 లక్షల మరో కారు విలువ అదే కాలంలో రూ.4.40 లక్షలకు పడిపోతుందనుకుంటే, తరుగుదల నెలకు రూ.18,333, వడ్డీ రూ.6,417. మొత్తం రూ.24,750. ధర రూ.లక్ష తక్కువైనా, మూడేళ్లలో రూ.72,000 అదనంగా చెల్లించవలసి వస్తుంది. పాత కార్ల విపణిలో గిరాకీ గల మోడల్‌ను ఎంచుకోవడం లీజుదారుకు లాభదాయకమయ్యేది ఇందువల్లనే.

గడువు ప్రభావం

తరుగుదల అన్ని ఏళ్లలో ఒకేలా ఉండదు. మోటారు బీమాలో వాహన విలువను లెక్కించే పట్టిక ప్రకారం ఆరు నెలలు దాటిన కారుకు 15 శాతం, మూడేళ్లు దాటితే 40 శాతం, నాలుగేళ్లు దాటితే 50 శాతం తగ్గిస్తారు. తొలి నెలల్లోనే విలువ వేగంగా పడిపోతుంది కనుక స్వల్పకాలిక లీజులో నెలసరి భారం సాధారణంగా ఎక్కువ.

పన్ను మినహాయింపు ఎవరికి?

ఆదాయపు పన్ను లెక్కల్లో తరుగుదల మినహాయింపు వాహన యజమానికి దక్కుతుంది. రిజిస్ట్రేషన్ లీజుదారు పేరిట ఉన్నప్పటికీ, ఈ మినహాయింపు లీజుకిచ్చిన సంస్థదేనని ఐసీడీఎస్ కేసులో సుప్రీంకోర్టు 2013 జనవరిలో తీర్పునిచ్చింది.

తీరప్రాంతాల్లో జాగ్రత్త

సూరత్‌లోని డుమస్ నల్ల ఇసుక తీరంలో, వాహనాలపై నిషేధం ఉన్నప్పటికీ, 2025 జూలైలో ఒక మెర్సిడెస్ కారు బురదలో కూరుకుపోయింది. లీజు కారుకు ఇటువంటి పరిస్థితి ఎదురైతే నష్టం మరమ్మతులతో ముగియకపోవచ్చు. ఉప్పునీరు లోహ భాగాలకు తుప్పు పట్టిస్తుంది, విద్యుత్ వ్యవస్థను దెబ్బతీస్తుంది. మిగులు విలువను సాధారణ వాడకం ఆధారంగానే అంచనా వేస్తారు. అంతకు మించిన నష్టాన్ని కారు తిరిగి అప్పగించేటప్పుడు లీజుదారు నుంచి వసూలు చేసే నిబంధనలు ఒప్పందాల్లో ఉంటాయి. సాధారణ మోటారు బీమా పాలసీ అరుగుదలను, తరుగుదలను భరించదు.

సంతకానికి ముందు

మిగులు విలువ ఎంత, వడ్డీ రేటు ఎంత, ఎన్ని కిలోమీటర్ల వరకు అనుమతి, గడువుకు ముందే కారు తిరిగి ఇస్తే రుసుము ఎంత అన్న వివరాలను లిఖితపూర్వకంగా తీసుకోవాలి. కారు ప్రకటిత ధరను మాత్రమే చూసి అద్దె న్యాయమైనదో కాదో తేల్చుకోవడం సాధ్యం కాదు.