విద్యుత్తు – కరెంటు: వ్యుత్పత్తి, ప్రయోగభేదం

ఉపోద్ఘాతం:
ఇబ్రహీంపట్నం వద్ద కృష్ణానది ఒడ్డున ఉన్న థర్మల్ విద్యుత్కేంద్రం 1979లో ఉత్పత్తి ప్రారంభించింది. రాష్ట్ర విద్యుత్ బోర్డు అధ్యక్షులుగా పనిచేసిన నార్ల తాతారావు పేరు తరువాత దానికి పెట్టారు. ఆ కేంద్రం ఉత్పత్తి చేసేది విద్యుత్తు; చుట్టుపక్కల ఇళ్లకు వచ్చేది మాత్రం కరెంటు. ఒకే శక్తికి గల ఈ రెండు పేర్ల మూలాన్నీ, ప్రయోగాన్నీ పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

వ్యుత్పత్తి:
ఇంగ్లీషు 'ఎలక్ట్రిసిటీ'కి మూలం గ్రీకు 'ఎలెక్ట్రాన్'. దీనికి తృణమణి అని అర్థం. రుద్దినప్పుడు తేలికైన వస్తువులను ఆకర్షించే ఆ పదార్థ గుణాన్ని వర్ణిస్తూ విలియం గిల్బర్ట్ 1600లో 'ఎలెక్ట్రికస్' అనే లాటిన్ విశేషణాన్ని వాడాడు. 1646 నాటి థామస్ బ్రౌన్ రచనలో 'ఎలక్ట్రిసిటీ' కనిపిస్తుంది. గడ్డిపోచను లాగే మణి కనుకనే సంస్కృతంలోనూ అది 'తృణమణి' అయింది. అయినా మన భాషలు కొత్త శక్తికి పేరు పెట్టేటప్పుడు ఆ మణి వైపు చూడలేదు, మెరుపు వైపు చూశాయి. మెరుపు విద్యుత్స్వభావం కలదని 1752 ప్రయోగాలు నిరూపించాక వచ్చిన పేరు కనుక ఇది సహజమే.

అమరకోశం మెరుపుకు శంప, క్షణప్రభ, తటిత్తు, సౌదామని, విద్యుత్తు, చంచల మొదలైన పర్యాయపదాలను చెప్పింది. వీటిలో 'వి' ఉపసర్గతో, ప్రకాశార్థకమైన 'ద్యుత్' ధాతువుతో ఏర్పడిన 'విద్యుత్' పరిభాషగా స్థిరపడింది. క్షణప్రభ, చంచల అనేవి అస్థిరతను సూచిస్తాయి కనుక నిలకడగా అందవలసిన శక్తికి అవి పొసగవు.

ప్రయోగభేదం:
హిందీలో ఈ పదమే ప్రాకృతం మీదుగా 'బిజ్లీ'గా మారి, మెరుపుకూ ఇంటి దీపం వెలిగించే శక్తికీ వాడుకైంది. తెలుగులో నిత్యవ్యవహారంలోని మాట 'మెరుపు'. 'విద్యుత్తు' గ్రాంథికంగానే ఉండిపోయింది. ఖాళీగా ఉన్న వాడుక స్థానాన్ని, పరుగెత్తడమనే అర్థం గల లాటిన్ ధాతువు నుంచి పుట్టిన 'కరెంటు' ఆక్రమించింది. పైగా విద్యుచ్ఛక్తి, విద్యుద్దీపం, విద్యుత్కేంద్రం అంటూ 'విద్యుత్' సంధిలో రూపం మార్చుకుంటుంది. 'కరెంటు' ఉకారాంతమై, కరెంటుకు, కరెంటుతో అంటూ తెలుగు విభక్తులలో సులువుగా ఇమిడిపోతుంది.

క్రియలు ఈ భేదాన్ని మరింత స్పష్టం చేస్తాయి. విద్యుత్తుకు ఉత్పత్తి, సరఫరా, అంతరాయం ఉంటాయి. కరెంటు వస్తుంది, పోతుంది, కొడుతుంది. మొదటిది ఇచ్చేవారి భాష, రెండవది పుచ్చుకునేవారి భాష. పత్రికలో 'విద్యుదాఘాతం'గా అచ్చయ్యే మరణాన్ని పొలంలో చూసినవారు 'కరెంటు కొట్టింది' అంటారు.

ముగింపు:
విద్యుత్తు తత్సమం, కరెంటు అన్యదేశ్యం. రెండూ బయటి నుంచి వచ్చినవే కనుక ఒకదానిని శుద్ధమనీ మరొకదానిని అశుద్ధమనీ అనడం సమంజసం కాదు. నిఘంటువు రెండింటికీ సమాన ఆరోపాలుగా చోటివ్వాలి. ప్రాణరక్షణకు ఉద్దేశించిన హెచ్చరికలో మాత్రం మొదటి స్థానం కరెంటుదే.