ఇంజిన్ కట్టించాక యెజ్డి ఎందుకు మొరాయించింది?

"విప్పకముందే బాగుండె కదరా" అన్నాడు నాయన. కోపంగా కూడా కాదు, ఊరికే అన్నాడు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

మాది ఉరవకొండ. బండి నాయన యెజ్డి. మా దుమ్ముకి సిలిండర్ అరిగిపోయి, కిక్కు కొడితే కంప్రెషనే లేకుండా పోయింది. పోయినేడాది నేనే పట్టుబట్టి ఇంజిన్ కట్టించాను. రీబోరు, కొత్త పిస్టన్, రింగులు, సీళ్ళు, అన్నీ. తిరిగొచ్చిన బండి పొద్దున్నే బాగానే పోతుంది. నాలుగు కిలోమీటర్లు పోయి వేడెక్కాక మొదలవుతుంది గోల. యాక్సిలరేటర్ వదిలేసినా ఇంజిన్ మోత తగ్గదు, గట్టిగా తిప్పితే గుటకలు మింగుతుంది. ప్లగ్గు తీసి చూస్తే సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. అంటే పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ అన్నమాట.

మనం సాఫ్ట్‌వేర్ వాళ్ళం కదా, కోడు చూడకముందే బగ్గు ఎవడిదో తేల్చేస్తాం. మొదట పెట్రోల్లో కలిపే 20 శాతం ఎథనాల్‌ని తిట్టాను. తర్వాత కార్బొరేటర్లో పెద్ద జెట్టు వేయించాను. కాస్త నయమైంది, దాంతో నేను కరెక్టే అనుకున్నాను. రెండు రోజులకి మళ్ళీ అదే కథ. చివరికి ఇంజిన్ కట్టిన కుర్రాడి మీద పడి, అతనికివ్వాల్సిన మిగతా కూలి ఆపేశాను.

ఇక్కడ కొంచెం వెనక్కి పోవాలి. 1929లో చెకోస్లొవేకియాలో యానెచెక్ అనే ఆయన జర్మనీ వాండరర్ కంపెనీ మోటారు సైకిల్ తయారీ హక్కులు కొని, తన పేరులో మొదటి ముక్క, వాండరర్‌లో మొదటి ముక్క కలిపి జావా అని పేరు పెట్టాడు. ఆ బండినే 1960ల మొదట్లో మైసూరులో ఐడియల్ జావా కంపెనీ తయారుచేయడం మొదలెట్టింది. 1970ల్లో అది యెజ్డి అయింది. మైసూరు బండికి మా ఊళ్ళో సామాన్లెక్కడివి అంటారా? బళ్ళారి ఉంది కదా! 1882లో అనంతపురం జిల్లా విడిపోయేదాకా మాదీ బళ్ళారి జిల్లానే. 1953లో బళ్ళారి మైసూరు రాష్ట్రానికి పోయింది గానీ, శనక్కాయలూ పెళ్ళి సంబంధాలూ బండి సామాన్లూ సరిహద్దు చూసుకుని ఆగలేదు. నాయన పిస్టన్ కావాలంటే బళ్ళారి బస్సే ఎక్కేవాడు.

1980ల నడుమ జపాన్ వాళ్ళతో కలిసి చేసిన 100 సీసీ బండ్లు వచ్చాయి. 1996లో మైసూరు ఫ్యాక్టరీ మూతపడింది. ఆ ఏడాదీ, మళ్ళీ 2000లోనూ పొగ నిబంధనలు బిగిశాక టూ స్ట్రోక్ బండ్లు ఒక్కొక్కటే తప్పుకున్నాయి. 2018లో జావా పేరు తిరిగొచ్చింది, కానీ అది ఫోర్ స్ట్రోక్, నీళ్ళతో చల్లబడే ఇంజిన్. నేను కూలి ఆపిన కుర్రాడు చేయి తిప్పుకున్నదంతా ఫోర్ స్ట్రోక్ బండ్ల మీదే.

తేడా ఎక్కడుందంటే, టూ స్ట్రోక్‌లో క్రాంక్ కేసు కూడా ఒక పంపు. పిస్టన్ పైకి పోతూ పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమాన్ని కింద గదిలోకి పీలుస్తుంది, కిందికి దిగుతూ దాన్నే నొక్కి పక్కదారుల్లోంచి సిలిండర్లోకి తోస్తుంది. క్రాంకు రెండు చివర్లా ఉన్న రబ్బరు సీళ్ళు ఆ గదిలోకి బయటి గాలి చొరకుండా కాయాలి. ఫోర్ స్ట్రోక్‌లో సీలు కారితే నేల మీద ఆయిల్ మరక పడుతుంది. ఇందులో అయితే మిశ్రమం లెక్కే తప్పిపోతుంది.

ఇదంతా నాకు చెప్పింది గుంతకల్లు రోడ్డులో ఎప్పుడో షాపు మూసేసిన ఒక పెద్ద మెకానిక్. నాయన ఈడువాడు, మామా అని పిలుస్తాను. బండి స్టార్టు చేసి వినిపించాను.

"జెట్టు పెంచితివా? రోగం దాచిపెడితివి కదప్పా. పొగొస్తాందా?"

"లేదు మామా."

"గేర్‌బాక్సు ఆయిల్ దిగుతాందా?"

దిగలేదు.

"అయితే కుడిపక్క చూడు."

యెజ్డిలో ఎడమపక్క క్లచ్చు ఆయిల్లో ఉంటుంది. ఆ పక్క సీలు పోతే ఇంజిన్ ఆ ఆయిలంతా తాగి పొగ కక్కుతుంది. కుడిపక్క డైనమో, అక్కడంతా పొడి. ఆ పక్క సీలు పోతే చొరేది గాలే, కంటికి కనపడదు. డైనమో విప్పితే వెనకంతా నల్లటి తడి. సీలు కొత్తదే, కుర్రాడు మార్చాడు. కానీ పాత సీలు ఏళ్ళ తరబడి రాసుకున్నచోట షాఫ్టు మీద గోటికి తగిలేంత గీత పడింది. కొత్త సీలు పెదవి సరిగ్గా ఆ గీతలోనే కూచుంది. సీలు సరిగ్గా కూచోబెట్టడం అతని తప్పెలా అవుతుంది?

మామ ఇంకో సీలు తెప్పించి, ఈసారి పూర్తిగా లోపలికి కొట్టకుండా ఒక వెంట్రుకవాసి బయటికి ఉంచాడు, పెదవి అరగని ఇనుము మీద పడేట్టు. డైనమో ఊడదీశాం కాబట్టి ఇగ్నిషన్ టైమింగు మళ్ళీ కట్టాలి. పాయింట్ల మధ్య సిగరెట్టు కాగితం పెట్టి, అది ఎప్పుడు వదులవుతుందో చూసి బిగించాడు. పాత జెట్టు నాచేతే వేయించాడు. పెన్నహోబిలం దాకా పోయి వచ్చాను. యాక్సిలరేటర్ వదిలితే మోత దిగింది.

అట్నుంచటే కుర్రాడి షాపుకి పోయి ఆపిన కూలి చేతిలో పెట్టాను. లెక్కపెట్టుకోలేదు.

"యా పక్క సీలన్నా?"

"కుడిపక్కది. షాఫ్టు మీద గీత."

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత షట్టర్ సగం దించి, "ఆయప్ప ఇంట్లోనే ఉంటాడా ఇప్పుడు?" అంటూ నా వెనక ఎక్కి కూచున్నాడు.