స్విఫ్ట్ (కారు)

జపాను దేశపు సుజుకీ సంస్థ రూపొందింపగా మారుతి సంస్థ 2005 మే నెలలో భారతదేశమున విడుదల చేసిన చిన్న కుటుంబ కారు. సుజుకీవారు కల్టస్ అను పూర్వపు బండిని విదేశములలో స్విఫ్ట్ అను పేరుతోనే విక్రయించిరి. మన మారుతి 1000, ఎస్టీమ్ కార్లు ఆ కల్టస్ సంతతివే. 2005 నాటి స్విఫ్ట్ మాత్రము నూతన సృష్టి. పొట్టి ముక్కు, నల్లని స్తంభములపై తేలియాడునట్లు తోచు పైకప్పు, 1.3 లీటర్ల పెట్రోలు ఇంజను, మలుపులయందు తొణకని బిగువు గల ఈ బండి, కారనగా ఇంటిల్లిపాదిని మోయు పెట్టె యని తలచిన గృహస్థునకు నడుపుటయందలి ఉల్లాసమును రుచి చూపెను.

2007లో ఫియట్ మూలము గల 1.3 లీటర్ల డీజిలు ఇంజను చేరెను. దూరప్రయాణికులకు, డీజిలు చవుకగా నున్న ఆ దినములలో, ఇదెంత యక్కరకు వచ్చెడిదో వేరుగ జెప్పనేల?

2010లో సుంకపు రాయితీకి అర్హమగు 1.2 లీటర్ల పెట్రోలు ఇంజనును, 2011లో రెండవ తరమును వచ్చినవి. 2018 నాటి మూడవ తరము బరువు తగ్గి, వెనుక తలుపుల పిడులను కిటికీ చెంత దాచుకొనెను. ఇది సొగసేగాని సౌకర్యము గాదు. 2020లో కాలుష్య నిబంధనలు కఠినమగుటతో డీజిలు నిలిచిపోయెను. 2024 నాటి నాల్గవ తరమున పిడులు మరల తలుపులకే చేరినవి, ఆరు ఎయిర్‌బ్యాగులు అన్ని రకములకును లభించినవి. కాని నాలుగింటికి బదులు మూడు సిలిండర్ల ఇంజను చేరి, మైలేజీ పెరిగి, శక్తి తగ్గెను. అధిక శక్తి గల స్విఫ్ట్ స్పోర్ట్ భారతదేశమున విక్రయింపబడలేదు.